మహర్షి కార్వే

బి.ఏ., ఎం.ఏ. అను పట్టముల పేళ్లు మీకు క్రొత్తవి కావు. కాని మన దేశమున ఒకానొక విశ్వవిద్యాలయము ముప్పదియేండ్లకు పైగా ఈ పేళ్లను వాడక, సంస్కృత నామములతో పట్టము లొసగుచుండెను. మొదటి పట్టమునకు గృహీతాగమ యని పేరు. దాని పై పట్టమునకు ప్రదేయాగమ యని పేరు. ఆగమమనగా శాస్త్రము, విద్య. విద్యను గ్రహించినది గృహీతాగమ. గ్రహించిన విద్యను ఒరులకు ఈయదగినది ప్రదేయాగమ. ఈ రెండు పదములును స్త్రీలింగములే. ఏలయన అచ్చట పట్టము పొందినవారందరును స్త్రీలే.

ఆ పట్టములను ఆనాటి ప్రభుత్వము గుర్తింపలేదు. వానిని చూపినచో ప్రభుత్వోద్యోగము లభించునను నమ్మకము లేదు. ఇతర విశ్వవిద్యాలయములు వానిని తమ పట్టములతో సమముగా నెంచలేదు. అయినను వానికొఱకు బాలికలు చదివిరి, తల్లిదండ్రులు పంపిరి, పేదలు అణాలును ధనికులు లక్షలును ఇచ్చిరి. దీనికి కారణభూతుడు ఒక గణితోపాధ్యాయుడు. ఆయనయే ధోండో కేశవ కార్వే.

సహ్యాద్రికిని పశ్చిమసముద్రమునకును నడుమ నున్న సన్నని నేల కొంకణము. అచ్చటి రత్నగిరి మండలములో షేరవలి యను గ్రామమున 1858వ సంవత్సరము ఏప్రిలు 18వ తేదీన కార్వే జన్మించెను. వారి స్వగ్రామము మురుడు. కుటుంబము ప్రతిష్ఠ గలదేగాని కలిమి గలది కాదు. బాలుడు సన్నగా, పొట్టిగా ఉండెడివాడు. నలుగురిలో నోరు విప్పుటకు సిగ్గుపడెడివాడు. ఇట్టి బాలుడు మున్ముందు ఊరూర తిరిగి చేయిచాచి విరాళము లడుగునని ఆనాడెవ్వరు నూహించి యుండరు.

ఆ కాలమున మాతృభాషలో ఆరవ తరగతి పరీక్ష నెగ్గినవారికి చిన్న యుద్యోగము లభించుచుండెను. 1875లో కార్వే ఆ పరీక్షకు పోదలచెను. పరీక్షాస్థలము సాతారా, మురుడునుండి సుమారు 110 మైళ్లు. నడుమ సహ్యాద్రి కనుమలు, వానకారు. తోడి బాలురతో గూడ ఆ దూరమంతయు ఆయన కాలినడకనే పోయెను. పదునేడేండ్లు నిండినవారికే పరీక్షలో ప్రవేశము. కార్వేకు వయస్సు నిండెను. కాని అధికారులు ఆ పొట్టి బాలుని చూచి, ఇతడింకను చిన్నవాడని త్రోసిపుచ్చిరి. వచ్చిన దారినే మఱల నడచి యిల్లు చేరవలసి వచ్చెను.

ఈ యనుభవము ఆయనను క్రుంగదీయలేదు. అయితే చదువు మందగతినే సాగెను. మెట్రిక్యులేషను పరీక్ష ముగియునప్పటికి ఆయనకు ఇరువదిమూడేండ్లు. ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి, ఆ సంపాదనతో బొంబాయిలో చదివి, 1884లో గణితశాస్త్రమున బి.ఏ. పట్టమును పొందెను. పిదప కొన్నియేండ్లు బొంబాయిలోని బాలికా పాఠశాలలందు ఉపాధ్యాయుడుగా ఉండెను. 1891లో గోపాలకృష్ణ గోఖలే ఆహ్వానముపై పూనాలోని ఫెర్గుసను కళాశాలలో గణితాచార్య పదవిని స్వీకరించెను. అంతకు ముందు ఆ విషయమును బోధించిన వారు లోకమాన్య తిలకు. నెలకు 75 రూపాయల జీతముపై దీర్ఘకాలము పనిచేయుటకు ప్రతినబూనిన త్యాగమూర్తుల కూటమి అది. కార్వేయు అందు జేరెను. ఆ యేటనే ఆయన భార్య రాధాబాయి మరణించెను.

ఇంక కార్వే జీవితములోని గొప్ప మలుపును చెప్పవలెను. అంతకు ముందు ఆనాటి స్థితిని మీరు కొంచెము తెలిసికొనవలసియున్నది. పసితనముననే ఆడపిల్లలకు పెండ్లి చేయుట, పెండ్లికొడుకు మరణించినచో ఆ పసిపాప జీవితమంతయు వైధవ్యము ననుభవించుట అప్పటి ఆచారము. తల గొరిగించి, మంచిబట్ట కట్టనీయక, శుభకార్యములకు రానీయక, ఇంటిచాకిరికి మాత్రము వాడుకొనుచుండిరి. మన ఆంధ్రదేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఈ దురాచారమునకు ఎదురొడ్డి, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము జరిపించిన సంగతి మీరెరిగినదే. మహారాష్ట్రములోను సంస్కర్తలు లేకపోలేదు. కాని సభలలో మాటలాడినవారు పలువురు. తమ యింట ఆచరించి చూపినవారు కొందరే.

భార్య మరణించిన పిమ్మట మఱల పెండ్లాడుమని బంధువులు కార్వేను నిర్బంధించిరి. ఆడినచో వితంతువునే పెండ్లాడుదునని ఆయన నిశ్చయించుకొనెను. ఆయన మిత్రుడు నరహరిపంత్ జోషి. అతని చెల్లెలు గోదూబాయి ఎనిమిదేండ్ల ప్రాయముననే వితంతువయ్యెను. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో నెలకొల్పిన శారదాసదనమున మొట్టమొదట జేరిన విద్యార్థినులలో ఆమె యొకతె. 1893 మార్చిలో కార్వే ఆమెను వివాహమాడెను. అప్పటినుండి ఆమె పేరు ఆనందీబాయి.

వివాహానంతరము దంపతులు మురుడుకు పోగా గ్రామస్థులు సభచేసి వారిని వెలివేసిరి. కార్వే కూర్చున్న సభలో నెవ్వరును కూర్చుండరాదనియు, ఆయనను ఇంట జేర్చుకొన్నచో ఆ యింటివారికిని వెలి తప్పదనియు తీర్మానించిరి. కన్న యూరు, కన్నవారి గడప ఒక్కసారిగా పరాయివయ్యెను. కార్వే ఎవ్వరితోను కలహింపలేదు, పత్రికల కెక్కలేదు. పూనాకు తిరిగివచ్చి ఆ యేటనే వితంతు వివాహములను ప్రోత్సహించుటకు ఒక సంఘమును స్థాపించెను.

కాని కొలదికాలములోనే ఆయనకొక విషయము తోచెను. పెండ్లిండ్లు ఎన్ని జరిపింపగలము? ఏటికి రెండో మూడో. తక్కినవారి గతియేమి? వివాహమాడినను ఆడకున్నను స్త్రీ తన కాళ్లపై నిలువవలెనన్నచో చదువు గావలెను. ఈ యాలోచనతో 1896లో అనాథ బాలికాశ్రమ సంఘము నేర్పఱచెను. ఛాందసులు కూడ తమ బాలికలను నమ్మి పంపవలెనని, ఆశ్రమమునకును వితంతు వివాహ ప్రచారమునకును సంబంధము లేకుండ జేసెను. ఇందుకు సంస్కర్తలలో కొందరు ఆయనను పిరికివాడని నిందించిరి. అటు ఛాందసులు వెలివేసిరి, ఇటు సంస్కర్తలు వెక్కిరించిరి. నా దృష్టిలో కార్వే చేసినదే సరియైనది. పిల్ల బడికి రానిదే పంతులు ఏమి చెప్పగలడు?

పూనా పట్టణమునకు సుమారు నాలుగు మైళ్ల దూరమున హింగణే యను పల్లె కలదు. అచ్చట గణేశ గోవింద గోఖలే యను దాత ఆరు ఎకరముల నేలను, పాక వేయుటకు 750 రూపాయలను ఇచ్చెను. 1900లో ఆ పాకలో ఆశ్రమము వెలసెను. చుట్టును అడవి, దారి లేదు, రాత్రులు నక్కల కూతలు. పూనాలో మహామారి వ్యాపించిన రోజు లవి. కార్వే పగలంతయు కళాశాలలో గణితము బోధించి, సాయంకాలము కూరలు, సరకులు మూటగట్టి భుజముపై వైచుకొని హింగణేకు నడచిపోవుచుండెను. అచ్చట బాలికలకు పాఠములు చెప్పి, మఱల నగరమునకు నడచి వచ్చుచుండెను. వానకాలమున ఆ నల్లరేగడి బురదలో మోకాలిలోతు దిగబడుచు పోవలసివచ్చెడిది. ఒకనాడు రెండునాళ్లు గాదు, ఏండ్ల తరబడి ఇట్లు జరిగెను.

ఆశ్రమము స్థాపించినప్పుడు తన జీవితపు భీమా పత్రమును, 5,000 రూపాయల విలువ గలదానిని, ఆయన దానికి ధారాదత్తము చేసెను. ఇచ్చట ఒక మాట దాచకుండ చెప్పవలెను. ఆ పత్రము ఆయన మరణించినచో ఆనందీబాయికిని పిల్లలకును మిగులు ఒకే యాధారము. అది పోయినప్పుడు ఆమె దుఃఖించెను. భర్త ధర్మాత్ముడని లోకము కొనియాడుచుండగా ఇంట పప్పుకును ఉప్పుకును వెదకుకొనునది ఆమెయే గదా! మహాపురుషుల కథలు వ్రాయువారు తరచుగా ఈ సంగతిని మరచిపోవుచుందురు. అయినను ఆమె వెనుదీయలేదు. ఇంటిభారమును తన భుజములపై వైచుకొని, ఆశ్రమము కొఱకు తానును ఇల్లిల్లు తిరిగి విరాళములు సేకరించెను. తన కష్టసుఖములను పిదప మరాఠీలో స్వీయచరిత్రగా వ్రాసికొనెను.

ఆమె చెల్లెలు పార్వతీబాయి ఆఠవలే కథ మఱియు నాశ్చర్యకరము. ఆమెయు వితంతువే, చిన్న కుమారుడు గలది. అక్షరములు పెద్దవయస్సున నేర్చుకొని, ఆశ్రమమున జేరి, దేశమంతయు తిరిగి ధనము గూర్చెను. అంతటితో ఆగక, 1918లో అమెరికాకు పోయి, ఆంగ్లము సరిగా రాకున్నను, ఇండ్లలో పనిమనిషిగా ఉండి పొట్టపోసికొనుచు ఆ దేశపు స్త్రీల విద్యాసంస్థలను పరిశీలించి వచ్చెను.

1907లో కార్వే మహిళా విద్యాలయమును గూడ నెలకొల్పెను. వితంతువులు గాని బాలికలును ఇందు చదువవచ్చును. 1914లో ఆయన కళాశాలనుండి విరమించెను. ఏబదియారేండ్ల వయస్సు. అందరును విశ్రాంతి గోరు కాలమది.

ఆ సమయముననే కాశీనగరవాసియగు శివప్రసాదగుప్త జపానునుండి వచ్చి, టోకియోలోని మహిళా విశ్వవిద్యాలయమును గూర్చిన చిన్న పుస్తకము నొకదానిని కార్వేకు పంపెను. ఆ విద్యాలయము 1901లో స్థాపింపబడినది. కార్వే ఆ పుస్తకమును అప్పటికి ప్రక్కనుంచెను. 1915 డిసెంబరులో బొంబాయిలో జరుగు జాతీయ సాంఘిక సభకు ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. ఉపన్యాసము వ్రాయవలసివచ్చినప్పుడు ఆ పుస్తకమును తెరచి చదివెను. ఆసియాలోనే ఒక దేశము స్త్రీలకు ప్రత్యేకముగా విశ్వవిద్యాలయము నేర్పఱుపగా మనమేల చేయరాదను తలంపు ఆయనను పట్టుకొనెను. సభలో ఆ ప్రతిపాదన చేసెను. ఆరు మాసములు తిరుగకమునుపే, 1916 జూను 3వ తేదీన, భారతీయ మహిళా విద్యాపీఠపు తొలి సభ జరిగెను. సుప్రసిద్ధ సంస్కృత పండితుడు రామకృష్ణ గోపాల భాండార్కరు కులపతి. కార్వే యింట నుండి చదువుకొని, కేంబ్రిడ్జిలో గణితమున అగ్రస్థానము నొందిన బంధువు పరాంజపే ఉపకులపతి.

అదే సంవత్సరము ఫిబ్రవరిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు రాజప్రతినిధి పునాదిరాయి నాటెను. దానికి ప్రభుత్వ శాసనము గలదు, మహారాజుల విరాళములు గలవు. కార్వే విద్యాపీఠమునకు శాసనము లేదు, భవనము లేదు, మూలధనము లేదు. జులైలో కళాశాల తెరచినప్పుడు చేరిన విద్యార్థినుల సంఖ్య అయిదు! విశ్వవిద్యాలయమని పేరుపెట్టి అయిదుగురిని కూర్చుండబెట్టినందుకు నవ్వినవారు లేకపోలేదు.

ఈ విద్యాపీఠమునకు రెండు నియమములు ప్రాణములు. మొదటిది, బోధన మాతృభాషలో జరుగవలెను. అప్పటి విశ్వవిద్యాలయములలో ఆంగ్లమే బోధనభాష. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో బోధించుటకు పూనుకొనినది 1918లో. కార్వే అంతకు రెండేండ్లు ముందుగనే మరాఠీలో ఆరంభించెను. పిదప గుజరాతీలోను బోధన సాగెను. ఆంగ్లము మాత్రము ఒక పాఠ్యవిషయముగా అందరును చదువవలసియుండెను. మాతృభాషా బోధనను హర్షించిన గాంధీ మహాత్మునికి ఆంగ్లమును నిర్బంధము చేయుట సమ్మతము కాలేదు. కార్వే తన యభిప్రాయమును విడువలేదు. రెండవ నియమము, స్త్రీల జీవితమునకు తగినట్లుగా గృహనిర్వహణము, ఆరోగ్యశాస్త్రము మొదలగునవి పాఠ్యములలో నుండవలెనని. స్త్రీల చదువు వేరుగా నుండనేల యని నేటి బాలికలు అడుగవచ్చును. ఆ ప్రశ్న సమంజసమే. కాని బాలికను బడికి పంపుటయే పాపమని తలంచు తల్లిదండ్రులను ఒప్పింపవలసిన కాలమది.

ధనము కొఱకు కార్వే దేశమంతట తిరిగెను. సిగ్గరియైన ఆ మనుష్యుడు తెలియని యిండ్ల తలుపు తట్టి, తన సంగతి చెప్పి, ఇచ్చినది పుచ్చుకొని, ఈయనిచోట నమస్కరించి వచ్చుచుండెను. ఎంత చిన్న మొత్తమైనను రసీదు నిచ్చి లెక్క వ్రాయుచుండెను. లెక్కల పంతులు గదా!

1920లో పెద్ద సహాయము లభించెను. బొంబాయిలోని వస్త్ర వ్యాపారి సర్ విఠల్‌దాసు థాకర్సీ జపానుకు పోయి, టోకియో మహిళా విశ్వవిద్యాలయమును కన్నులార చూచివచ్చెను. తన తల్లి నాథీబాయి పేర 15 లక్షల రూపాయల నిధిని వాగ్దానము చేసెను. ఏటేట దానిపై 52,500 రూపాయల వడ్డీ విద్యాపీఠమునకు చెల్లవలెను. అంతటినుండి విద్యాపీఠమునకు శ్రీమతి నాథీబాయి దామోదర థాకర్సీ మహిళా విశ్వవిద్యాలయమని పేరు గలిగెను. ఆ పేరులోని మొదటి అక్షరములను ఆంగ్లమున గూర్చి జనులు ఎస్.ఎన్.డి.టి. యందురు.

1921లో అయిదుగురు స్త్రీలు ఈ విద్యాపీఠమున పట్టభద్రులైరి. చేరినవారును అయిదుగురే, పట్టమందినవారును అయిదుగురే యని ఎవరైన నవ్వినచో నవ్వుదురుగాక. అదివరకు మన దేశమున స్త్రీలు పట్టములు పొందకపోలేదు. కాని పురుషుల కొఱకు ఏర్పడిన విశ్వవిద్యాలయములలో ఆంగ్లమున చదివి పొందినవారే. తల్లిభాషలో చదివి, తమ కొఱకే వెలసిన విద్యాపీఠమున, సంస్కారవతియైన స్త్రీ పరాశక్తియను భావము గల ముద్రావాక్యము క్రింద పట్టము నందుకొనుట అదియే ప్రథమము. గృహీతాగమలైన వారిలో పలువురు ఉపాధ్యాయినులై పాఠశాలలకు పోయిరి. అనగా ప్రదేయాగమ యను రెండవ పట్టము పొందకయే దాని యర్థమును సార్థకము చేసిరి.

కష్టములు తీరలేదు. దాత 1922లో మరణించెను. ఆయన ధర్మకర్తలకును విద్యాపీఠమునకును అభిప్రాయభేదము లేర్పడి, కొంతకాలము ఆ వడ్డీ రాకుండ నిలిచిపోయెను. గుర్తింపు లేని పట్టము మాకేలయని కొందరు తమ కూతుండ్రను బొంబాయి విశ్వవిద్యాలయమునకే పంపుచుండిరి. కార్వే మాత్రము పట్టుదల వీడలేదు. 1929లో, డెబ్బదియొకటవ యేట, ఓడనెక్కి ఐరోపా, అమెరికా, జపానులను చుట్టివచ్చెను. బెర్లినులో ఐన్‌స్టీనును దర్శించెను. తన సంకల్పమునకు బీజమైన టోకియో విద్యాలయమును స్వయముగా చూచెను. ఇల్లుచేరిన యేడాదిలోనే మఱల ఆఫ్రికాకు పయనమై, కెన్యా, ఉగాండా, జాంజిబారు, దక్షిణాఫ్రికాలలోని భారతీయులనుండి విద్యాపీఠమునకు విరాళములు గొని వచ్చెను. 1936లో విద్యాపీఠపు ప్రధాన కార్యాలయము బొంబాయికి తరలెను. ఆ యేటనే, డెబ్బదియెనిమిదేండ్ల వృద్ధుడు, బడి లేని పల్లెలలో బడులు తెరచుటకు క్రొత్త సంఘ మొకటి స్థాపించెను!

దేశము స్వతంత్రమైన పిమ్మట బొంబాయి శాసనసభ 1949లో ఈ విద్యాపీఠమును గూర్చి శాసనము చేసెను. 1951లో అది శాసనసిద్ధమైన విశ్వవిద్యాలయమయ్యెను. పునాది వేసిన ముప్పదియైదేండ్లకు, వేసినవాని తొంబదిమూడవ యేట! ఆనందీబాయి అది చూడలేదు. 1950లో ఆమె కన్నుమూసెను. గుర్తింపుతోపాటు పట్టములకు బి.ఏ., ఎం.ఏ. అను పేళ్లు వచ్చెను. పట్టభద్రురాండ్రకు దీనివలన మేలే కలిగెను. ఉద్యోగమునకు పోయినచోట పట్టముపేరు విడమరచి చెప్పవలసిన పని లేకపోయెను. తెలుగుపండితుడనగు నాకు మాత్రము ఆ రెండు చక్కని పదములు మరుగుపడినందుకు కొంచెము చింతగానే యున్నది.

1958లో, కార్వేకు నూరేండ్లు నిండినప్పుడు, భారత ప్రభుత్వము ఆయనకు భారతరత్న బిరుదము నొసగెను. ఆయనను వెలివేసిన తీర్మానమునకు చేతులెత్తినవారిలో నాటికెవ్వరును మిగిలియుండరు. 1962 నవంబరు 9వ తేదీన, నూటనాలుగేండ్ల వయస్సున, ఆయన పూనాలో పరమపదించెను.

హింగణే ఇప్పుడు పల్లె కాదు. పూనా పట్టణములో కలిసిపోయినది. ఆ ప్రాంతమును కార్వేనగర మందురు. సరకుల మూటతో ఆయన బురదలో నడచిపోయిన దిక్కునకు నేడు విశాలమైన రాజమార్గము పోవుచున్నది. దాని పేరు కార్వే రోడ్డు.